వానకు, ఉప్పుగాలికి లారీ పవర్ విండోలు, డోర్ లాకులు పాడవకుండా ఎలా చూసుకోవాలి?

“రాత్రి వాన పడింది. పొద్దున్న చూస్తే గ్లాసు దిగట్లేదు. మోటారు పోయినట్టేనా గురువుగారూ?”

అక్టోబర్ వచ్చిందంటే ఈ మాట రోజుకు ఒకరైనా అడుగుతారు. విశాఖలో గాజువాక ఆటోనగర్ వైపు లారీలకు, పికప్ వ్యాన్లకు కరెంటు పని చేస్తుంటాను. అడిగిన ప్రతి ఒక్కరికీ ఫోన్లో ఒకే పాఠం చెప్పి చెప్పి విసుగొచ్చి, ఇలా రాసి పెడుతున్నాను. మొదటి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: మోటారు జోలికి ఇప్పుడే వెళ్లకండి. మోటారు పోయిందని నా దగ్గరికి తెచ్చిన బళ్లలో చాలావాటికి మోటారు బాగానే ఉంది. స్విచ్‌లోనో, కప్లర్‌లోనో (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు), డోర్ కీలు దగ్గర వైరులోనో చిలుము పట్టి ఉంటుంది, అంతే.

ఒకప్పుడు మన లారీలకు చేత్తో తిప్పే హ్యాండిల్ ఉండేది, ఈ తలనొప్పి ఉండేది కాదు. ఇప్పుడు 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. ఏసీ వచ్చిన క్యాబిన్లో పవర్ విండోలు, సెంట్రల్ లాకులు కూడా ఎక్కువగానే కనిపిస్తాయి. పైగా విశాఖలో వాన ఒక్కటే కాదు. సముద్రపు ఉప్పుగాలి, పోర్టు దగ్గర బొగ్గు దుమ్ము, చేపల వ్యాన్లలో కారే ఉప్పు ఐసు నీళ్లు, అన్నీ కలిసి పనిచేస్తాయి.

అర్థం చేసుకోవాల్సింది ఇంతే

డోర్ లోపలికి నీళ్లు వెళ్లడం తప్పేమీ కాదు. గ్లాసు రెండు రబ్బర్ల మధ్య నుంచి దిగుతుంది కాబట్టి వాన నీళ్లు గ్లాసు మీదుగా డోర్ లోపలికి జారతాయి. బండి తయారుచేసినవాళ్లకు ఇది తెలుసు. అందుకే డోర్ అడుగు అంచున చిన్న కన్నాలు పెడతారు, డోర్ ప్యాడ్ (క్యాబిన్ వైపు కనిపించే డోర్ అట్ట) వెనుక ఒక ప్లాస్టిక్ షీట్ అతికిస్తారు. నీళ్లు షీటుకు అవతలే ఉండి, కన్నాల్లోంచి రోడ్డు మీద పడిపోవాలి. కన్నాలు మూసుకుపోయినా, షీటు చిరిగినా, స్విచ్ మీద పైనుంచి నీళ్లు పడినా కథ మొదలవుతుంది.

ఇంకో సంగతి. బ్యాటరీ ప్లస్ ఎప్పుడూ వస్తూ ఉండే పిన్ను తడిగా ఉంటే, బండి ఆపి తాళం తీసుకుని ఇంటికెళ్లి పడుకున్నా అక్కడ లోహం కరుగుతూనే ఉంటుంది. ఉప్పు నీళ్లయితే మరీ వేగం. వాన తగ్గాక రెండు రోజులు బాగానే పనిచేసి మూడో రోజు మొరాయించేది అందుకే.

కావలసినవి

- కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. దొరక్కపోతే ఎలక్ట్రానిక్ స్పేర్ పార్టుల షాపుల్లో అమ్మే ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, సిలికాన్ స్ప్రే ఒక డబ్బా
- మల్టీమీటర్ (మామూలుది చాలు)
- పాత టూత్ బ్రష్, పెన్సిల్ రబ్బరు, నాలుగు చీపురుపుల్లలు, నూలు గుడ్డ
- బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా. ఆసిడ్ సీసా కాదు, లేబుల్ చూసుకుని తీసుకోండి
- స్టార్, ప్లస్ స్క్రూ డ్రైవర్లు, డోర్ ప్యాడ్ ఊడదీసే ప్లాస్టిక్ పట్టీ
- లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకుని వైరును పట్టేసేది), బ్యూటైల్ టేపు (నల్లగా, సాగే జిగురు టేపు)
- వెడల్పాటి ప్యాకింగ్ టేపు, ఒక మగ్గు, ఒక స్టీలు పళ్లెం

పళ్లెం ఎందుకో తర్వాత తెలుస్తుంది.

1. ఏమీ విప్పకముందు రోగం ఎక్కడో పట్టుకోండి

ముందుగా డ్రైవర్ వైపు స్విచ్‌ల దగ్గర విండో లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. నవ్వకండి. గంగవరం పోర్టు దగ్గర క్యూలో ఉన్న ఒకాయన, క్లీనర్ వైపు గ్లాసు పోయిందని లోడు దించగానే నేరుగా నా దగ్గరికొచ్చాడు. చూస్తే టిఫిన్ క్యారియర్ ఆనుకుని ఆ బటన్ నొక్కుకుపోయింది.

తర్వాత ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, క్యాబిన్ లైటు వెలిగించి, గ్లాసు స్విచ్ నొక్కండి. లైటునే చూడండి.

- లైటు కొంచెం మసకబారి గ్లాసు కదలకపోతే, కరెంటు మోటారు దాకా వెళ్తోంది. గ్లాసు ఇరుక్కుందో, దాన్ని ఎత్తిదించే మెషీన్ బిగుసుకుందో, మోటారే పోయిందో.
- లైటు చెక్కుచెదరక, శబ్దమూ లేకపోతే ఫ్యూజ్, స్విచ్, కప్లర్, వైరు. వీటిలోనే వెతకాలి.
- మోటారు తిరిగే శబ్దం వస్తుంది, గ్లాసు మాత్రం కదలదు. గ్లాసును ఎత్తిదించే మెషీన్ కేబుల్ తెగింది, లేదా క్లిప్పు ఊడింది.
- క్లీనర్ వైపు గ్లాసు అక్కడి స్విచ్‌తో పనిచేసి, డ్రైవర్ దగ్గరి స్విచ్‌తో చేయకపోతే డ్రైవర్ ప్యానెల్‌ని అనుమానించండి. డ్రైవర్ స్విచ్‌తో చేసి క్లీనర్ వైపు స్విచ్‌తో చేయకపోతే క్లీనర్ వైపు స్విచ్. రెండిటితోనూ చేయకపోతే ఫ్యూజ్, వైరు, మోటారు.
- నాలుగైదు సార్లు ఎత్తి దించాక ఆగిపోయి, పావుగంట తర్వాత మళ్లీ పనిచేస్తే మోటారు వేడెక్కి తనంతట తాను ఆగింది. అది దాని రక్షణ. గ్లాసు ఎందుకు బరువుగా నడుస్తోందో చూసుకోవాలి (7వ అంచె).

చివరగా స్విచ్ నొక్కి పట్టుకునే డోర్‌ని మెల్లగా తెరుస్తూ మూస్తూ చూడండి. ఏదో ఒక కోణంలో గ్లాసు ఉలిక్కిపడినట్టు కదిలితే కీలు దగ్గర వైరు తెగింది. నేరుగా 6వ అంచెకు వెళ్లండి.

2. కరెంటు తీయండి, గ్లాసును కట్టేయండి

బ్యాటరీ మైనస్ తీసేయండి. 24 వోల్టుల లారీలో రెండు బ్యాటరీలు వరసగా ఉంటాయి. అందులో ఛాసిస్‌కి వెళ్లే మైనస్‌ని తీయాలి. కటాఫ్ స్విచ్ ఉంటే అది ఆఫ్ చేసినా సరిపోతుంది.

తీసే ముందు రెండు జాగ్రత్తలు. తాళం చెవి జేబులో పెట్టుకుని ఒక డోర్ తెరిచే ఉంచండి. బ్యాటరీ మళ్లీ తగిలించగానే కొన్ని బళ్లలో లాకులు టక్కున పడిపోతాయి, మీరు బయట, తాళం లోపల. రెండోది, గ్లాసు పైకి ఉన్నప్పుడే ప్యాకింగ్ టేపుతో ఫ్రేముకు రెండు వైపులా అతికించండి. డోర్ లోపల చెయ్యి ఉండగా గ్లాసు జారినా, మోటారు తిరిగినా వేళ్లు మిగలవు.

డోర్ లోపల పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. ముట్టుకోవద్దు.

3. అడుగు కన్నాలు తెరవండి

డోర్ పూర్తిగా తెరిచి కింద అంచు మీద వేలితో తడుముతూ వెళ్లండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు కన్నాలు తగులుతాయి. బొగ్గు లోడు తోలే బళ్లలో అవి నల్లటి గట్టి ముద్దతో నిండిపోయి ఉంటాయి. వేలికి కన్నమని కూడా తెలియదు. చీపురుపుల్లతో మెల్లగా తిప్పుతూ తీయండి. ఇనుప చువ్వ వద్దు, పెయింటు గీసుకుపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది.

తీయగానే కొన్నిసార్లు గ్లాసుడు నల్లనీళ్లు కాలి మీద పడతాయి. ఆశ్చర్యపోకండి. డోర్ మూసేటప్పుడు లోపల నీళ్లు కదిలే శబ్దం వస్తుంటే ఇది చేయాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. కింద తుప్పు పట్టకుండా పూత వేయించిన బళ్లలో ఆ పూతే కన్నాలను మూసేసిన సందర్భాలూ చూశాను. పూత వేయించిన రోజే కన్నాలు చూసుకోండి.

మీ బండిలో గ్లాసు, లాకు బాగానే పనిచేస్తుంటే ఈ అంచె, 7వ అంచె చేసి ఆపేయొచ్చు. బాగున్నదాన్ని విప్పి చూడాలనే సరదా మంచిది కాదు.

4. స్విచ్ ప్యానెల్

అన్నిటికంటే ఎక్కువ పాడయ్యేది డ్రైవర్ వైపు స్విచ్. రోజంతా వాడేది అదే. టోల్ దగ్గర, గేటు దగ్గర వానలో గ్లాసు దించి చెయ్యి బయట పెట్టి, ఆ తడి చేత్తోనే మళ్లీ నొక్కేది దాన్నే.

ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తోలే ఒక వ్యాను సంగతి చెప్తాను. ఏడాదిలో రెండు మోటార్లు మార్పించారట, వేరే చోట. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు పనిచేసి మళ్లీ అదే కథ. నేను స్విచ్ పైకి లేపగానే ముందు వాసన వచ్చింది, ఎండు చేపల వాసన. కింద కప్లర్ పిన్నులు ఆకుపచ్చగా, ఒకటైతే సూదిలా సన్నబడిపోయి ఉంది. ట్రేలు సర్ది ఎక్కే డ్రైవర్ చేతుల నుంచి కారిన ఉప్పు నీళ్లు, స్విచ్ చుట్టూ ఉన్న సందులోంచి దిగి నేరుగా పిన్నుల మీద నిలిచాయి. మోటారు మార్చినప్పుడల్లా కప్లర్లు ఊడదీసి పెట్టడంతో కాసేపు కాంటాక్టు కుదిరేది, అంతే. పాత మోటారు ఒకటి ఆయన బండిలోనే ఉంది. తగిలిస్తే చక్కగా తిరిగింది.

ఇక పని:

ప్యానెల్‌ని ప్లాస్టిక్ పట్టీతో, ఒక అంచు నుంచి లేపండి. స్క్రూ డ్రైవర్ పెడితే అంచు విరిగి, ఆ సందులోంచే రేపు నీళ్లు దిగుతాయి. కప్లర్ తీసే ముందు ఫోన్లో ఫోటో తీసుకోండి. కప్లర్‌ని దాని మీదున్న చిన్న ప్లాస్టిక్ నాలుక నొక్కి లాగాలి, వైర్లు పట్టుకుని కాదు.

పిన్నులు చూడండి. ఆకుపచ్చ, తెల్ల పొడి ఉంటే తడి వల్ల. నల్లగా మాడి, ప్లాస్టిక్ కరిగి ఉంటే మోటారు ఎక్కువ కరెంటు లాగడం వల్ల. ఈ తేడా ముఖ్యం. చాలా బళ్లలో మోటారు కరెంటు అంతా ఈ చిన్న స్విచ్‌లోంచే వెళ్తుంది. గ్లాసు బిగుతుగా నడిస్తే కరెంటు పెరిగి స్విచ్ పాయింట్లు మాడతాయి. మాడిన స్విచ్ మార్చి, గ్లాసు నడిచే చానల్ చూడకుండా వదిలేస్తే కొత్త స్విచ్ కూడా అదే దారి పడుతుంది.

ఉప్పు నీళ్లు పడ్డ స్విచ్ అయితే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఆల్కహాల్ ఉప్పును సరిగా కరిగించదు, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. మన తీరంలో బోరు నీళ్లు కూడా చాలాచోట్ల ఉప్పనే, వాటితో కడిగితే లాభం లేదు. కడిగి బాగా దులిపి, ఆపై కాంటాక్ట్ క్లీనర్ కొట్టి టూత్ బ్రష్‌తో రుద్దండి. మొండి చిలుము ఉన్న పిన్నును పెన్సిల్ రబ్బరుతో రుద్దితే మెరుపు వస్తుంది. గరుకు కాగితం వాడితే పైపూత పోయి మళ్లీ త్వరగా చిలుము పడుతుంది.

స్విచ్ డబ్బా విప్పాలనుకుంటే పళ్లెంలో పెట్టి విప్పండి. లోపల బియ్యపుగింజంత స్ప్రింగులు, చిన్న గుండ్లు ఉంటాయి. ఎగిరి సీటు కింద పడితే ఇక దొరకవు, చెప్తున్నాను.

కడిగాక ఫ్యాను కింద కనీసం రెండు గంటలు ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ అయితే తక్కువ వేడిలో, జానెడు దూరం నుంచి. ఆరిందని నమ్మకం కుదిరాకే కప్లర్ అంచు రబ్బరుకు, పిన్నుల మొదళ్లకు సిలికాన్ గ్రీజు పలుచగా రాసి బిగించండి. స్విచ్ లోపలి పాయింట్లకు గ్రీజు వద్దు. అక్కడ నిప్పురవ్వ పుట్టే చోట గ్రీజు మాడి మసి అవుతుంది.

పెట్రోలు, కిరసనాయిలు, థిన్నర్ వాడొద్దు. ప్లాస్టిక్ పాడవుతుంది, నిప్పు భయం వేరే. తుప్పు వదిలించే మామూలు స్ప్రే కొట్టగానే స్విచ్ పనిచేస్తుంది కదా అంటారు. చేస్తుంది. కానీ దాని నూనె జిడ్డుకు పోర్టు దుమ్ము అంటుకుని నెలలోపే ముద్ద కడుతుంది. నడిరోడ్డు మీద గత్యంతరం లేనప్పుడు వాడుకోండి, ఇంటికొచ్చాక శుభ్రం చేయండి.

తిరిగి బిగించేటప్పుడు ప్యానెల్ అంచు చుట్టూ లోపలి వైపు సన్నటి ఫోమ్ టేపు అతికిస్తే పైనుంచి కారే నీళ్లు చాలావరకు ఆగుతాయి. పైన పాలిథిన్ కవరు చుట్టి శాశ్వతంగా వదిలేసేవాళ్లున్నారు. అది తడిని లోపలే బంధిస్తుంది. వాన పడుతున్నంతసేపు కప్పి, తర్వాత తీసేయండి.

దసరా గురించి ఒక మాట. ఆయుధ పూజ నాడు క్యాబిన్ లోపల కూడా పైపు పెట్టి కడిగి, స్విచ్‌ల మీద పసుపు, కుంకుమ, గంధం దట్టంగా పెడతాం. ఆ పొడి స్విచ్ సందులోకి దిగి తడికి ముద్దవుతుంది. బొట్టు స్టీరింగ్‌కి, డ్యాష్‌బోర్డుకి పెట్టండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

5. డోర్ ప్యాడ్, ప్లాస్టిక్ షీట్

ప్యాడ్ స్క్రూలు మూడు చోట్ల దాక్కుంటాయి: పట్టుకునే హ్యాండిల్ లోపల, తెరిచే పిడి వెనుక, అడుగు అంచున. అన్నీ తీశాకే లాగండి. బలంగా లాగాల్సి వస్తోందంటే ఎక్కడో ఇంకో స్క్రూ ఉన్నట్టే.

ప్యాడ్ వెనుక షీటు కనిపిస్తుంది. చిరిగితే మందపాటి పాలిథిన్ అదే కొలతకు కత్తిరించి బ్యూటైల్ టేపుతో అతికించండి. షీటు అడుగు అంచు డోర్ లోపలికి దిగేలా ఉండాలి. అప్పుడే షీటు మీద కారిన నీళ్లు మళ్లీ డోర్ లోపలికే పోతాయి. ఫెవికాల్, సెల్లో టేపు వద్దు. మన వేడికి వారంలో ఊడిపోతాయి.

ఈ షీటు విషయంలో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. పని నేర్చుకున్న కొత్తలో, అడ్డంగా ఉందని చింపేసి ప్యాడ్ బిగించి పంపేశాను. మొదటి వానకే ఓనరు ఫోను: “బాబూ, గ్లాసు బాగుంది గానీ కాళ్ల కింద మడుగు కట్టింది.” మ్యాటు కింద నీళ్లు నిలిచి, అక్కడున్న లాకు కంట్రోల్ డబ్బా కూడా తడిసింది. దాని ఖర్చు నా జేబులోంచే పోయింది.

6. కీలు దగ్గర రబ్బరు గొట్టం

డోర్‌కి, క్యాబిన్ స్తంభానికి మధ్య మడతల రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లన్నీ అందులోంచే వెళ్తాయి. డోర్ తెరిచి మూసిన ప్రతిసారీ అవి వంగుతాయి. రబ్బరు పగిలితే నీళ్లు వైరు వెంబడే ప్రయాణించి కప్లర్‌లోకి చేరతాయి.

గొట్టాన్ని ఒక చివర ఊడదీసి వెనక్కి జరపండి. ఒక్కో వైరును రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగండి. మంచి వైరు గట్టిగా ఉంటుంది. లోపల రాగి తెగిన వైరు రబ్బరు బ్యాండులా సాగుతుంది. పైకి చూస్తే తొడుగు నిక్షేపంగా ఉంటుంది కాబట్టి కంటికి దొరకదు, వేళ్లకే దొరుకుతుంది.

తెగిన వైరును వంగే చోటే సోల్డర్ చేయకండి. సోల్డర్ చేసిన చోట వైరు పుల్లలా గట్టిపడి దాని పక్కనే మళ్లీ తెగుతుంది. వంగే భాగమంతా కొత్త మెత్తటి వైరు వేసి, అతుకులు డోర్ లోపల, స్తంభం లోపల వచ్చేలా క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) జిగురు హీట్ ష్రింక్ వేయండి. ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుడితే ఎండకు జిగురు కారి వానకాలానికి విప్పుకుంటుంది. వైరు పాతదాని కంటే సన్నంగా ఉండకూడదు.

బిగించేటప్పుడు ఒక చిన్న కిటుకు. వైరు కప్లర్‌లోకి నేరుగా పైనుంచి దిగకుండా, ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి లేచి కప్లర్‌లోకి వెళ్లేలా వంపు ఇవ్వండి. వైరు మీద జారే నీటిబొట్టు ఆ వంపు అడుగున కారిపోతుంది, కప్లర్ దాకా ఎక్కదు. ఖర్చు లేని పని. చాలామంది చేయరు.

7. గ్లాసు నడిచే దారి

గ్లాసు అటూ ఇటూ నడిచే చానల్‌ని తడి గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, ఇంజిన్ ఆయిలు పూయకండి. రబ్బరు ఉబ్బిపోతుంది, దుమ్ము పట్టేస్తుంది. గ్లాసు అడుగున ఆనుకుని ఉండే పొడవాటి రబ్బరు గట్టిపడి గ్లాసుకు దూరంగా జరిగిందంటే మార్చేయండి.

8. లాకులు

లాకు నోటిని (డోర్ మూసినప్పుడు స్తంభాన్ని పట్టుకునే భాగం) శుభ్రం చేసి తెల్ల లిథియం గ్రీజు కొద్దిగా చాలు. తాళం చెవి దూరే రంధ్రంలో మాత్రం గ్రాఫైట్ పొడి తప్ప ఏమీ వద్దు. రిమోటు ఉంది కదా అని చాలామంది తాళం చెవితో తెరవడమే మానేస్తారు. ఉప్పుగాలికి అది లోపల బిగుసుకుంటుంది. రిమోటు పనిచేయని రోజున చెవి తిరగదు, తిప్పితే విరుగుతుంది. నెలకోసారి చెవితో తెరవండి.

బయట పెట్టించిన సెంట్రల్ లాకు అయితే డ్రైవర్ డోర్‌లోని లాకు మోటారుకు ఐదు వైర్లు, మిగతావాటికి రెండేసి వైర్లు ఉండటం మామూలు. ఆ ఐదింటిలో కొన్ని డోర్ లాకయిందో తెరిచుందో కంట్రోల్ డబ్బాకు చెప్పేవి. వాటి మధ్య తడి చేరితే ఎవరూ ముట్టుకోకుండానే లాకులు టకటకమని పడి లేస్తుంటాయి. అర్ధరాత్రి పార్కింగ్‌లో అలా జరిగి, దయ్యం అనుకుని క్యాబిన్ దిగి పారిపోయిన క్లీనర్ ఒకడున్నాడు నాకు తెలిసి. దయ్యం కాదు, డ్రైవర్ డోర్ కప్లర్. కంట్రోల్ డబ్బా కాళ్ల దగ్గర ఉంటే స్టీరింగ్ ఎత్తుకు మార్చి, కప్లర్ మూతి కిందికి చూసేలా కట్టండి.

9. పని కుదిరిందో లేదో చూసుకోండి

ప్యాడ్ పూర్తిగా బిగించకముందే బ్యాటరీ తగిలించి, టేపు తీసి, ఈ పరీక్షలు చేయండి.

- గ్లాసు పూర్తిగా దిగడానికి, ఎక్కడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్లో చూడండి. రెండో వైపు గ్లాసుతో పోల్చండి. ఒకటి రెట్టింపు సమయం తీసుకుంటే పని అవ్వలేదు.
- మోటారు తిరుగుతుండగా దాని కప్లర్ దగ్గర వోల్టేజ్, బ్యాటరీ దగ్గర వోల్టేజ్ కొలవండి. 12 వోల్టుల బండిలో తేడా 1 వోల్టు దాటితే దారిలో ఎక్కడో ఇంకా చిలుము ఉంది. ఎర్త్ బోల్టు (మైనస్ వైరును బండి బాడీకి బిగించేది) మర్చిపోకండి, దాని కింద కూడా తుప్పు పడుతుంది.
- మగ్గు నీళ్లు గ్లాసు బయటి వైపు మెల్లగా పోయండి. నిమిషంలోపే డోర్ అడుగు కన్నాల్లోంచి బొట్లు పడాలి. చేత్తో షీటు క్యాబిన్ వైపు తడమండి, పొడిగా ఉండాలి.
- డోర్ రబ్బరు మధ్య కాగితం ముక్క పెట్టి డోర్ మూసి లాగండి. పట్టినట్టు రావాలి. సులువుగా జారిందంటే అక్కడ నీళ్లకు దారి ఉంది.

ఇవన్నీ చేసినా మోటారు మీదే అనుమానముంటే, రెండు పిన్నుల మామూలు మోటారుకు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ఉన్న వైరుతో నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. వైర్లు తారుమారు చేస్తే వెనక్కి తిరగాలి. ఒక్క నొక్కుకే గ్లాసు మొత్తం ఎక్కే రకం మోటారుకు ఎక్కువ పిన్నులు, లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి. దానికి ఈ ప్రయోగం చేయకండి, కాలిపోతుంది. వారంటీలో ఉన్న బండి వైరు కోయకండి.

ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతుంటే పెద్దది వేయడం, రాగి తీగ చుట్టడం అస్సలు వద్దు. డోర్‌లో వైరు అంటుకుంటే మీ చెయ్యి పక్కనే అంటుకుంటుంది.

బండి నీళ్లలో మునిగితే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చెట్లు, స్తంభాలు కూలడమే అందరికీ గుర్తు. అలాంటి రోజుల్లో పల్లపు చోట్ల, అండర్‌పాస్‌ల్లో నీళ్లు ఎంత వేగంగా పెరుగుతాయో బండిలో కూర్చున్నవాడికి తెలియదు. చక్రాలు సగం మునిగేలోపే గ్లాసు దించేయండి. కరెంటు ఉన్నప్పుడు దిగుతుంది, తర్వాత చెప్పలేం. గ్లాసు పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవర్ చేతికి అందే చోట పెట్టండి. ముందు అద్దం జోలికి వెళ్లకండి, దానికి రెండు పొరలు, అంత సులువుగా విడిపోదు. పక్క గ్లాసు మూల మీద కొట్టాలి.

నీళ్లు దిగాక కీ ఆన్ చేసి “గ్లాసు పనిచేస్తోందా” అని చూడటమే అందరూ చేసే పెద్ద తప్పు. ముందు బ్యాటరీ మైనస్ తీయండి. ఇన్సూరెన్స్ ఉంటే ఏదీ విప్పకముందే ఫోటోలు తీసి వాళ్లకు చెప్పండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే సొంత బండి నష్టానికి డబ్బు రాదు. ఆ తర్వాత ప్యాడ్లు విప్పి, ఒండ్రు కడిగి, ప్రతి కప్లర్ ఊడదీసి ఆరబెట్టాలి. ఒక రోజు సరిపోదు. ఉప్పు నీళ్లలో మునిగిన స్విచ్‌లను కడిగి వాడుకున్నా, వాటి మీద నమ్మకం పెట్టుకోకుండా కొత్తవి సిద్ధం చేసుకోండి.

సర్వీసింగ్, కొత్త పార్టులు

వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌ని డోర్ రబ్బర్ల మీద, గ్లాసు అడుగున, తాళం రంధ్రంలోకి నేరుగా కొట్టనివ్వకండి. మీటరు దూరం చెప్పండి. క్యాబిన్ లోపల పైపు అసలే వద్దు, తడిగుడ్డ చాలు. పార్టు మీద ఐపీ67 అని ఉంటే అర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని. ప్రెషర్ గన్ దెబ్బను తట్టుకుంటుందని కాదు, దానికి వేరే పరీక్ష ఉంది. లాకు మోటారు కొనేటప్పుడు ఈ గుర్తు చూసుకోవడం మంచిదే. స్విచ్ ప్యానెల్‌కి అలాంటిది దొరకడం కష్టం.

వానలకు ముందు మే నెలాఖరులో ఒకసారి, దసరా తర్వాత ఒకసారి 3, 7 అంచెలు చేసుకుంటే మామూలు లారీకి సరిపోతుంది. చేపల వ్యాన్లు, రొయ్యల ట్యాంకు బళ్లు అయితే నెలకోసారి స్విచ్ పైకి లేపి చూడాల్సిందే.

కొత్త స్విచ్ కొనడానికి వెళ్లేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. పైకి ఒకేలా ఉంటాయి గానీ, ఒకే మోడల్ బండిలో కూడా ఏడాది మారితే పిన్నుల వరస మారిన సందర్భాలున్నాయి. 12 వోల్టులదా 24దా అని కూడా అడగండి. షాపు దగ్గరే కప్లర్ పెట్టి చూసుకోండి, సీలు విప్పిన కరెంటు పార్టును చాలా షాపులు వెనక్కి తీసుకోవు.